ఎక్కేవాళ్ళే ఆపాలి

బాసెల్,
2 జూన్ 2003

అత్తా,

ఈస్టర్‌కు నువ్వు పంపిన బేరిపండ్ల రొట్టె అందిందని అప్పుడే రాయాల్సింది. మా గ్రంథాలయంలో పాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. రోజుకు మూడు వందల కార్డులు. సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, కాగితంతో కూడా.

రొట్టె నాన్నకు పెట్టాను. ఎక్కడిదని అడగలేదు. మూడు ముక్కలు తిని, "లవంగం ఎక్కువైంది" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. మా ఇంట్లో నీ ప్రస్తావన అంతవరకే వస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. నాన్న కళ్ళు పాడవుతున్నాయి. చలికాలం వచ్చేసరికి వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియకపోవచ్చునని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని నాన్న లేచి కోటు తొడుక్కుని, నడిచి ఇంటికి వచ్చేశాడు. అమ్మా నేనూ ట్రాములో వచ్చాం. వారం తర్వాత భోజనం దగ్గర, "కొండల మీదుగా ఒకసారి బండిలో పోయొద్దాం" అన్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ సెలవులకు ఎక్కడికీ తీసుకెళ్ళని మనిషి. అమ్మ చెంచా కింద పెట్టి, "ఎవరం?" అంది. "మనం ముగ్గురం. ఇంకెవరున్నారు?" అన్నాడు.

కూర్ నుంచి ఎర్రబండి ఎక్కి పైకి, కనుమ దాటి అండర్‌మాట్. ఆ రోజుకు అక్కడే ఉండి మర్నాడు వేరే దారిన వెనక్కి. ఊళ్ళ పేర్లన్నీ కాగితం మీద వరసగా రాయించాడు నాచేత. ఆ వరసలో మీ సుర్‌పుంట్ ఉంది. అది చెప్పేటప్పుడు గొంతు మారలేదు. అక్కడ దిగుదామని అనలేదు. దిగొద్దనీ అనలేదు.

నేను కాన్వెంట్‌లో చదివిన ఆరేళ్ళూ నెలకో గురువారం నువ్వు కొండ దిగి వచ్చి, సందర్శకుల గదిలో నా ఎదురుగా కూర్చునేదానివి. నాన్న గురించి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం మర్యాదస్తులం. ఇప్పుడు అడుగుతున్నాను. మా బండి వచ్చేవేళకు నువ్వు ప్లాట్‌ఫారం మీద నిలబడతావా?

ఇలాంటిది ఎవరినైనా అడగడం నాకిదే మొదలు. కాదన్నా అర్థం చేసుకుంటాను.

నీ మెంజా


సుర్‌పుంట్,
11 జూన్

మెంజా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నాలుగు రోజులు ఆలోచించా. ఆలోచించానంటే మేకలకు పాలు పిండుతూ, గడ్డి కోస్తూ. కూర్చుని ఆలోచించే తీరిక ఇక్కడెవరికీ లేదు.

లవంగం ఎక్కువేమీ కాలేదు. మా అమ్మ వేసినంతే వేశా. వాడిది బాసెల్ నాలుకైపోయింది.

కళ్ళ సంగతి విని బాధగానే ఉంది, లేదనను. చిన్నప్పుడు ఎదురుకొండ మీద అడవిమేకలు ఎన్నున్నాయో ఇక్కణ్ణుంచే చెప్పేవాడు. మా నాన్న దుర్భిణితో చూసి, "పదకొండే. వీడికి కళ్ళు కావు, డేగలున్నాయి" అనేవాడు. వాడికా ఇది రావడం.

నీకు ఎవరూ చెప్పని సంగతొకటి చెప్తా. తొంభై రెండు ఫిబ్రవరిలో మా నాన్న పోయినప్పుడు, ప్లౌన్ దగ్గర మంచుచరియ విరిగి పట్టాల మీద పడింది. బండ్లు ప్లౌన్ దాకే. నీ నాన్న అక్కడిదాకా వచ్చాడు. అక్కణ్ణుంచి మనూరికి రెండు గంటల నడక. ఫాదర్ నడిచొచ్చాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి. శవపేటిక మోసేవాళ్ళు నడిచొచ్చారు. కొడుకు మాత్రం సాయంత్రం దాకా స్టేషన్ బల్ల మీద కూర్చుని వెనక్కి పోయాడు. వాడొస్తాడని రెండు రోజులు పెట్టె మూయనివ్వలేదు నేను. నెల తర్వాత ఒక ఉత్తరం. "నాన్న టోపీ నాకు పంపుతావా అక్కా" అని. మనిషి రాలేడు గానీ టోపీ కావాలట. నేను జవాబివ్వలేదు. హాల్టు పనికి మా నాన్న పెట్టుకునే ఆ రైలు టోపీ ఇంకా తలుపు వెనక మేకుకే ఉంది.

నిలబడతా. నా ఊళ్ళో నేను నిలబడ్డానికి ఏముంది. కానీ ఒక షరతు. బండి ఇక్కడ ఊరికే ఆగదని నీకు తెలుసు. పెట్టెలో తలుపు పక్కన బటన్ ఉంటుంది. అది వాడే నొక్కాలి. నువ్వు నొక్కకు. మీ అమ్మ నొక్కకూడదు. రెండు గంటలు నడవలేనివాడు పదకొండేళ్ళకు ఒక వేలు కదపలేడా? నొక్కి దిగితే తర్వాతి బండికి ఇంకా రెండు గంటలుంటుంది. సూప్ పెడతా. ఏమీ అడగను.

నువ్వు నొక్కనని మాట రాసి పంపు. అప్పుడే నిలబడతా.

ఎండ మాడ్చేస్తోంది. జూన్‌లోనే వాగు అడుగు కనిపిస్తోంది.

బార్లా అత్త


బాసెల్,
30 జూన్

అత్తా,

నేను నొక్కను. మాట ఇస్తున్నాను.

జూలై 17, గురువారం. సుర్‌పుంట్‌కు 11.42. నిన్ను చూడడానికి వీలుగా నాన్నను కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెడతాను. రెండో పెట్టె అయితే సరిగ్గా నీ ముందుకు వస్తుందని కాన్వెంట్ రోజుల నుంచీ గుర్తు.

నువ్వు నిలబడి ఉంటావని నాన్నకు చెప్పాను. మందుల షాపు నుంచి నడిచి వస్తున్నాం. "ఉండనీ" అన్నాడు. నాలుగు అడుగులు వేసి ఇంకేదో అన్నాడు. మీ చిన్నప్పటి పాత హాస్యం, రాయదగ్గది కాదు. కానీ ఇంటికి రాగానే నీలం చొక్కా ఇస్త్రీ చేయమని అమ్మను అడిగాడు. "ప్రయాణం ఇంకా పద్దెనిమిది రోజులుంది లురేన్, అప్పటికి మళ్ళీ నలుగుతుంది" అంది అమ్మ. "అయితే మళ్ళీ చెయ్యి" అన్నాడు.

వీళ్ళిద్దరి మధ్యా విసుగు పెరిగింది. ఈమధ్య నాన్న మాతో మాట్లాడేటప్పుడు మా మొహం చూడడం మానేశాడు. అమ్మ మాట్లాడుతుంటే బీరువా వైపు చూస్తాడు. "నాకన్నా ఆ బీరువా అందంగా ఉందా?" అంటుంది అమ్మ. ఆయన నవ్వడు. కళ్ళ బెంగ అనుకుంటున్నాం.

ఇక్కడ కూడా ఎండలే. రైన్ నది ఎంత తగ్గిందంటే, పడవలు సగం సరుకుతోనే పోతున్నాయి. గ్రంథాలయం నేలమాళిగలో కూర్చుంటే చల్లగా ఉంటుంది. అందుకే నన్నెవరూ జాలిగా చూడరు ఈ ఏడు.

నీ మెంజా


సుర్‌పుంట్,
18 జూలై

మెంజా,

అయిపోయింది.

నిన్న పొద్దున్నే బార్లీ సూప్ పొయ్యి మీద పెట్టా, ఎండుమాంసం ముక్కలేసి. పదకొండింటికి స్నానం చేసి ప్లాట్‌ఫారం ఎక్కా. ఒక చేతిలో రొట్టె మూట, ఒక చేతిలో కర్ర. పక్కింటి తుమాష్ అటుగా పోతూ, "ఏం బార్లా, ఎవరి పెళ్ళి?" అన్నాడు. "నీదే, పిల్ల దొరికిందట, గడ్డం గీసుకో" అన్నా. వాడికి డెబ్భై మూడు.

బండి మలుపు దగ్గర నెమ్మదించింది. రెండో పెట్టె, కుడి కిటికీ, నువ్వు చెప్పినట్టే. నీలం చొక్కా. జుట్టంతా తెల్లబడిపోయింది వాడికి. మా నాన్నే కూర్చున్నట్టుంది.

నన్ను చూడలేదని మాత్రం చెప్పకు. చూశాడు. ఈ బల్లకూ పొయ్యికీ ఉన్నంత దూరం. సూటిగా నా మీదికే తిరిగాడు. తిరిగి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. చటుక్కున కాదు. మెల్లగా, కావాలని, ఇంత పక్కకు. అలా తిప్పుకునే ఉన్నాడు, పెట్టె నన్ను దాటిందాకా. బండి ఆగలేదు.

తుమాష్ అన్నీ చూశాడు. సూప్ వాడికే పెట్టా. రెండు గిన్నెలు తాగి, ఉప్పు చాల్లేదన్నాడు.

నీ మీద కోపం లేదు. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. కానీ నాకు ఓపిక అయిపోయింది పిల్లా. ఇంకా రెండు మడుల గడ్డి కోయాలి. ఈ సంగతి మళ్ళీ రాయకు.

బార్లా


బాసెల్,
24 జూలై

అత్తా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాస్తాను.

ప్లౌన్ దాటాక నాన్న చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. అమ్మ ఒళ్ళో ఫ్లాస్కు, గుడ్ల పొట్లం, నాన్న కోటు. "అమ్మాయ్, ఎడమవైపు నీడగా ఉందిగా, ఈ ఎండలో ఎందుకు కూర్చోబెట్టావు?" అని నన్ను సతాయిస్తోంది. పైనుంచి గొంతు వినిపించింది: తరువాత సుర్‌పుంట్, కోరితేనే ఆగును. నాన్న తల ఎత్తాడు.

"ఈ గొంతెవరిది?"

"రికార్డు చేసింది నాన్నా."

"మా ఊరి పేరు ఏ ఊరైనా ఒకటే అన్నట్టు పలుకుతోంది."

అమ్మ అంది, "ఇక్కడ ఆగాలంటే ఏదో నొక్కాలి కదూ? ఎవరో ఒకరు నొక్కండి మరి. నా చేతులు ఖాళీ లేవు."

నేను నొక్కలేదు. బటన్ నా భుజానికి జానెడు దూరం. పచ్చగా వెలుగుతోంది. నా చేయి నా ఒళ్ళోనే పెట్టుకుని, ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. అందుకే నేను నిన్ను చూడలేదు అత్తా. ఎంత ముందుగా వచ్చి నిలబడ్డావో, ఏం కట్టుకున్నావో, ఏమీ చూడలేదు. మాట తప్పుతానేమోనని భయం.

బండి మలుపు తిరిగింది, దాటింది. సొరంగంలోకి వెళ్ళాక నాన్న అన్నాడు:

"బోర్డు ఎత్తలేదు."

"ఏం బోర్డు?" అంది అమ్మ.

"నేను రావాలని ఉంటే అక్క బోర్డు ఎత్తేది."

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మందుల షాపు నుంచి వస్తూ ఆయన అన్నది ఇదే. "నేను దిగాలని అక్క అనుకుంటే బోర్డు ఎత్తమను." మీ నాన్న రోజుల్లో, బండి ఆపడానికి గుండ్రటి తెల్లబోర్డు చేత్తో ఎత్తి పట్టుకునేవారని, ఆ పని నీదేనని ఒకసారి కథలా చెప్పాడు. అది హాస్యం అనుకున్నాను. నీకు రాయకుండా వదిలేశాను. ఆయన అది నిజంగానే అన్నాడు. నువ్వు పిలిస్తే దిగుదామని కూర్చున్నాడు.

అండర్‌మాట్ వెళ్ళేదారిలో మంచుకొండలు, చెక్క ఇళ్ళు, ఎర్రపూల కిటికీలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఎవరమూ చూడలేదు. అమ్మ ఒక్కతే ఒక చర్చి గోపురం చూపించి, "ఉల్లిగడ్డలా ఉంది" అంది.

కానీ అత్తా, ప్లాట్‌ఫారం మీద కూడా ఒక బటన్ ఉంది కదా. అక్కడ నొక్కినా బండి ఆగుతుంది. బోర్డు లేకపోతే పోనీ, అది నొక్కి ఉండొచ్చు కదా. నువ్వు ఎందుకు నొక్కలేదు? ఆయన్ని ఒక వేలు కదపమన్నావు. నీకూ వేళ్ళున్నాయి.

ఇంత మాట నేనెప్పుడూ ఎవరినీ అనలేదు. కొట్టేద్దామనుకుని ఉంచేశాను.

మెంజా


సుర్‌పుంట్,
3 ఆగస్టు

మెంజా,

నీకూ గోళ్ళున్నాయన్నమాట. మంచిదే. కాన్వెంట్‌లో పూర్తిగా కత్తిరించేశారనుకున్నా.

నేనెందుకు నొక్కలేదా? చెప్తా విను. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఈ హాల్టు చూసుకున్నాడు. మాకు జపం కంటే ముందు నేర్పింది ఒకటే: ఎక్కేవాళ్ళే ఆపాలి, లేకపోతే దిగేవాళ్ళు. చూడ్డానికొచ్చినవాళ్ళు, చెయ్యూపడానికొచ్చినవాళ్ళు బండి జోలికి పోకూడదు. కొండెక్కే బండిని ఒకసారి ఆపితే మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో మాకు తెలుసు. నాకు పదకొండేళ్ళప్పుడు నీ నాన్న కింద ఊళ్ళో బడికి పోతూ చేతితొడుగులు మర్చిపోయాడు. బండి అప్పుడే కదిలింది. నేను పట్టాల పక్కన పరుగెత్తి బోర్డు ఎత్తా. బండి ఆగింది. తొడుగులు ఇచ్చా. మా నాన్న చూశాడు. మర్నాడు ఆ డ్రైవర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఇంజను ముందు నిలబెట్టి, "ఎక్కేవాళ్ళు లేకుండా ఆపాను, తప్పైంది" అని నాచేత చెప్పించాడు. కిటికీలన్నిట్లో మొహాలు. నీ నాన్న కూడా ఒక మొహం.

ఆ తర్వాత యాభై ఐదేళ్ళల్లో ఎక్కేవాళ్ళు లేకుండా ఒక్క బండీ ఆపలేదు నేను. ఇది వాడికి తెలుసు. నాకంటే బాగా తెలుసు. వాడి తొడుగుల కోసమే కదా. అలాంటివాడు నన్ను బోర్డు ఎత్తమంటాడా?

అయినా బోర్డెక్కడిది? ఎనభై ఎనిమిదిలో మనుషుల్ని తీసేసి బటన్లు పెట్టారు. బోర్డు ఇప్పుడు పిండి తొట్టికి మూత. ఆ సంగతి వాడికి తెలియకపోతే తప్పెవరిది? వచ్చి చూసుంటే తెలిసేది.

బోర్డు ఒక సాకు. మొహం తిప్పుకోవడానికి బోర్డుతో పనేముంది? నువ్వు నీ చేతినే చూసుకుంటున్నావు, నేను వాడి మొహం చూశా. ప్లౌన్ స్టేషన్‌లో కూర్చున్నట్టే పెట్టెలోనూ కూర్చున్నాడు. కూర్చునే జాతి.

మొన్న ఆగస్టు ఒకటికి, దేశం పండగైనా, కొండ మీద మంట వేయలేదు. గడ్డి అంటుకుంటుందని నిషేధం. పిల్లలు కాగితపు దీపాలు పట్టుకుని తిరిగారు. నేను త్వరగా పడుకున్నా. మోకాళ్ళు సలుపుతున్నాయి.

ఇక నిజంగానే చాలు. క్రిస్మస్‌కు రొట్టె పంపిస్తా, నీకు. లవంగం ఎక్కువే వేస్తా.

బార్లా అత్త


బాసెల్,
4 సెప్టెంబరు

అత్తా,

ఇది చదివి పొయ్యిలో వేసినా పరవాలేదు. చదువు ముందు.

ఇవాళ నాన్నను కంటి ఆసుపత్రికి నేను తీసుకెళ్ళాను. అమ్మకు ఓపిక లేదు. కొత్త డాక్టరమ్మ, చిన్నది, నా వయసే ఉంటుంది. నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె మాట్లాడుతుంటే నాన్న ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగాడు. నాకు సిగ్గేసింది. "నాన్నా, డాక్టరుగారు మాట్లాడుతున్నారు" అన్నాను.

"ఆయన నన్నే చూస్తున్నారమ్మా" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. ఆమె తన పిడికిలి నా ముక్కుకు ఎదురుగా పట్టుకుని, "ఇప్పుడు నా మొహం చూడండి" అంది. పిడికిలే కనిపించింది. "ఈయనకు ఎటు చూసినా నట్టనడుమ ఇలాగే ఉంటుంది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. అంచుల్లో ఇంకా కొంచెం చూపు ఉంది. అందుకని చూడాలనుకున్నదాని నుంచి మొహం పక్కకు తిప్పుకోవాలి. అప్పుడు అది అంచులోకి వస్తుంది. మంచి పని, తనంతట తనే నేర్చుకున్నారు. ఎన్నాళ్ళయింది?"

"వసంతం నుంచి" అన్నాడు నాన్న.

మాకు చెప్పలేదు. అమ్మ బీరువాతో పోల్చుకుని ఏడుస్తుంటే కూడా చెప్పలేదు.

ట్రాములో ఆయన పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియలేదు. రెండు స్టాపులు పోయాక, "సుర్‌పుంట్‌లో అత్తను చూశావా?" అన్నాను.

"చూశా."

"ఎలా?"

"ఎలా ఏమిటి? ముందు సూటిగా చూశా. నల్లటి మరక. తిప్పి చూశా. దొరికింది." మోకాళ్ళ మీద చేతులు సర్దుకున్నాడు. "చిక్కిపోయింది. కర్ర పట్టుకుంది. నాన్న టోపీ పెట్టుకుంది."

"టోపీయా?"

"ఎర్రపట్టీ ఉన్నది. ఇవ్వడానికి పెట్టుకుందో, దెప్పడానికి పెట్టుకుందో తెలియలేదు. బోర్డు ఎత్తితే ఇవ్వడానికి అనుకుందామని చూశా. ఎత్తలేదు."

ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. ప్లాట్‌ఫారం మీద ఎవరో ముసలావిడ ఉంది గానీ టోపీ ఉందో లేదో గమనించలేదంది. నేను నా చేతినే చూస్తున్నాను. ఆ టోపీ ఉందో లేదో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. నువ్వు ఏ ఉత్తరంలోనూ టోపీ మాట రాయలేదు. నిజంగా పెట్టుకుని ఉంటే, ఆయన మొహం తిప్పుకున్నది నిన్ను చూడడానికే. బండి నిన్ను దాటిందాకా తిప్పుకునే ఉన్నాడన్నావు. దాటిందాకా చూస్తూనే ఉన్నాడు.

ఇంకొకటి కూడా అడిగాను, ధైర్యం వచ్చింది కనుక. ప్లౌన్‌లో ఎందుకు కూర్చుండిపోయావని. "గంటలో లైను తెరుస్తామన్నారు. తర్వాత ఇంకో గంట అన్నారు. అలా ఆరు గంటలన్నారు. చీకటి పడ్డాక నడవనివ్వలేదు" అన్నాడు. ఇది పెద్ద కారణమేమీ కాదని నాకూ తెలుసు. ఆయనకూ తెలుసు. దాన్ని మంచి కారణంగా మార్చడానికి ఈ పదకొండేళ్ళల్లో ఒక్కసారీ ప్రయత్నించలేదు.

డాక్టరమ్మ అంచులు కూడా తగ్గుతున్నాయంది. అక్టోబరు దాకా ఉంటాయేమో. నాన్న ఇక ప్రయాణం చేయనంటున్నాడు. మెట్లు తడబడుతున్నాయి. అమ్మకు ఆయన్ని మళ్ళీ కొండలెక్కించే శక్తి లేదు. నాకూ సెలవు లేదు. నిజానికి అందరం అలసిపోయాం.

నేను బటన్ నొక్కి ఉండాల్సింది. జానెడు దూరం. ఆరేళ్ళు కాన్వెంట్‌లో చెప్పినమాట వినడమే నేర్చుకున్నాను. వినకూడనిది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. రోజూ కార్డులు చూస్తూ అదే అనుకుంటున్నాను.

మెంజా


సుర్‌పుంట్,
9 సెప్టెంబరు

మెంజా,

టోపీ పెట్టుకున్నా. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో రొట్టె, ఇంకెక్కడ పెట్టుకోను? వాడికి ఇద్దామనే మేకు మీంచి తీశా. నీకు రాయలేదు, సిగ్గేసింది. తుమాష్ కూడా చూశాడు, వాణ్ణి అడిగితే చెప్తాడు. అడగక్కర్లేదు. నా తమ్ముడు చూశాడు, చాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, వంటింట్లో పిడికిలి మొహానికి అడ్డం పెట్టుకుని చూశా. కుండ మాయమైంది. తల తిప్పితే అంచులో కనిపించింది. ఒక గంట అలాగే ఆడుకున్నా, పిచ్చిదాన్లా. మేకను చూశా, పొయ్యిని చూశా, మా నాన్న ఫోటో చూశా. పక్కకు తిరిగి చూస్తే ఎంత కష్టమో తెలిసింది. మెడ పట్టేసింది.

నీ గురించి ఒక మాట. నువ్వు నొక్కి ఉంటే వాడు దిగేవాడు. ఇద్దరం కలిసి నిన్ను తిట్టేవాళ్ళం. తిట్టి, సూప్ తాగేవాళ్ళం. మాట తీసుకున్నది నేను, తప్పు నాది. కార్డులు చూసేటప్పుడు కార్డులే చూడు.

వాడు కూర్చునేవాడు, నేను నిలబడేదాన్ని. బోర్డు ఎత్తలేదని వాడు, బటన్ నొక్కలేదని నేను. నేను ఎక్కకుండా బండి ఆపను. అరవై ఆరేళ్ళొచ్చాక మా నాన్న మాట తీసేయలేను. ఆ మాటకు ఒక్కటే దారి ఉందని నిన్న పాలు పిండుతుంటే తట్టింది. తట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఏం చేస్తాం.

శుక్రవారం పొద్దున 7.10 దిగువ బండి. ప్లాట్‌ఫారం మీద బటన్ నేనే నొక్కుతా. నొక్కి ఎక్కుతా. మేకల్ని తుమాష్ చూసుకుంటానన్నాడు. "బాసెలా? నువ్వు కూర్ దాటింది ఎప్పుడు?" అన్నాడు. ఎప్పుడూ దాటలేదు. కూర్‌లో బండి మారాలట. ఎవరినైనా అడుగుతా. మీ ఊరికి 12.47కి చేరుతుందని టైంటేబుల్లో ఉంది. రెండే రోజులుంటా, మీ ఎండలు నాకు పడవు. మీ అమ్మను నా కోసం ఏమీ వండొద్దని చెప్పు. రొట్టె తెస్తున్నా. లవంగం తగ్గించా.

పెద్ద స్టేషన్‌లో జనం ఎక్కువంటారు. టోపీ పెట్టుకునే దిగుతా, ఆ ఎర్రపట్టీ వాడికి ఆనవాలుగా ఉంటుంది. తర్వాత వాడి నెత్తినే పెడతా.

వాణ్ణి ప్లాట్‌ఫారం దాకా తీసుకురా. నేను పెట్టె దిగి ఎదురుగా వస్తుంటే, వాడు నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకోవాలి. తిప్పుకోకపోతే ఈసారి నిజంగానే కోపమొస్తుందని చెప్పు.

బార్లా అత్త